ప్లాస్టర్ అంటించిన ప్రింటర్

ఎనభైల చివర్లో తిరుపతిలోని మా చిన్న కంప్యూటర్ ఆఫీసులో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు ప్రోగ్రాం మార్చినా ఆ మార్పులు ఇంకొకరు చదివి సంతకం పెట్టాలి. చదివే పని నాది. "అక్క కాడ తప్పించుకోలేం" అని ఆటపట్టించేవారు. నేను పట్టించుకునేదాన్ని కాదు.

ఆరోజు నా ముందుకు వచ్చింది ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ప్రింటర్ డ్రైవర్. కంప్యూటర్‌కూ ప్రింటర్‌కూ మధ్య దుబాసీ అన్నమాట. మర్నాడు అది చిత్తూరు దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీకి పోవాలి, చెరకు బండ్లకు తూకం చీటీలు కొట్టడానికి. ఆ చీటీ ఉంటేనే రైతుకు చెరకు డబ్బు అందేది. దానికోసం మా నాయన చెరకు బండితో ఆ ఫ్యాక్టరీ గేటు ముందు ఎండలో పడిగాపులు పడటం చిన్నప్పుడు కళ్ళారా చూశాను.

పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చదివితే నాలుగు లైన్లు మాయం. కాగితం అయిపోయిందేమో కనుక్కుని, ప్రింటింగ్ ఆపే లైన్లవి.

"ఇవెందుకు తీసేసినావప్పా?" అని రాసినతన్ని అడిగాను.

"కాగితం అయిపోయిందని ఆ ప్రింటర్ ఈడ ఒక్కసారన్నా చెప్పినాదా అక్కా? దండగని తీసేసినా."

ఎట్లా చెబుతుంది? పొదుపని మేం వాడేసిన కాగితాల వెనకవైపే ఒక్కొక్కటిగా పెట్టి ప్రింట్ తీసేవాళ్ళం. విడి కాగితం కాబట్టి, దాని కింది అంచు దగ్గర పడగానే కాగితం అయిపోయిందనుకుని ప్రింటర్ సగంలోనే ఆగిపోయేది. అందుకని కాగితాన్ని కనిపెట్టే మీటకు ప్లాస్టర్ అంటించేశాం. దాని నోరు మూసిందీ మేమే, మాట్లాడదని తేల్చిందీ మేమే! నాకు ఒళ్ళు మండింది.

ఇంతలో యజమాని వచ్చాడు. "పొద్దున్నే వ్యాను వస్తాది. సంతకం పెట్టేయమ్మా, తర్వాత సూసుకుందాం."

"పెట్టను సార్."

ప్లాస్టర్ పీకి పారేసి, ఒకే కాగితం పెట్టి, ఉత్తుత్తి చీటీలు పంపించాను. కాగితం జారి కింద పడింది. ప్రింటర్ ఆగలేదు. నల్ల రబ్బరు రోలరు మీదే టకటకా కొట్టుకుంటూ పోయింది. తెర మీద మాత్రం చీటీలన్నీ ఇచ్చేసినట్టు వచ్చింది.

"ఈ చీటీలు రైతులకు యాడినుంచి తెచ్చిస్తారు సార్?" అన్నాను.

యజమాని రోలరును వేలితో తడిమాడు. వేలికి సిరా అంటింది. "వ్యాను మధ్యాహ్నానికి రమ్మని చెప్పండి" అన్నాడు. ఆ నాలుగు లైన్లూ వెనక్కి వచ్చాకే సంతకం పెట్టాను.

కొన్నాళ్ళకు ఫ్యాక్టరీ గుమాస్తా ఫోను చేశాడు. "ఏం మిషనమ్మా ఇది! ఆడ బండ్లు లైను కట్టి ఉండాయి, ఇది చూస్తే నిలబడిపోయినాది!"

"కాగితం పెట్టి చూడండి సార్."

కాసేపటికి ప్రింటర్ చప్పుడు ఫోనులోనే వినిపించింది. "ఏ బండి కాడ ఆగినాదో ఆ బండి నుంచే కొడతా ఉండాదే!" అన్నాడు.

తిట్లు తిని అంత సంతోషపడటం నాకు అదే మొదలు. ఆ బండి తోలుకొచ్చిన మనిషి ఎవరో నాకు తెలియదు. ఆయన మాత్రం చీటీ తీసుకునే ఇంటికి పోయాడు.