మూడో మెట్టు

నవ్వేవాడు మంచివాడని జనం అనుకుంటరు. నేను ఏండ్ల తరబడి స్టేజీ మీద నిలబడి వాళ్ల మొకాలు చూసిన. నవ్వే గడియల మనిషికి దయ ఉండదు. నవ్వించేవాడికి అంతకన్నా ఉండదు.

నిజామాబాద్ బజార్ల మా బాపుది బట్టల దుకాణం, దాని వెనకే మా ఇల్లు. రోడ్డు మీదికి మూడు మెట్లు. ముప్కాల్, మెండోర దిక్కు రైతులు పసుపు అమ్ముకొని వచ్చి పెండ్లి బట్టలు మా దగ్గరే తీసుకునేవాళ్లు. బేరం తెగక వాళ్లు లేచిపోతుంటే బాపు తల ఎత్తేవాడు కాదు, చీరలు మడతపెడుతూ ఉండేవాడు. మూడో మెట్టు మీద కాలు పడంగనే, "అక్కా, నీకు కాదు, నీ బిడ్డ మొకం చూసి ఇస్తున్న, రా" అని పిలిచేవాడు. ముందే పిలిస్తే లోకువ, ఆలస్యమైతే గిరాకీ ఎదురు దుకాణం పాలు. ఆ పిలుపు మీదే మా ఇల్లు నడిచింది. తిరిగొచ్చినవాళ్లకు కూడా తమ మాటే నెగ్గిందన్న సంబరం ఉండేది.

అరవైలల్ల ఒకసారి, చెరకు సీజను అయిపోయినంక బోధన్‌ల చక్కెర ఫ్యాక్టరీవాళ్లు ఆటపాటల జల్సా పెట్టి, మిమిక్రీ చేయనీకి నన్ను పిలిచిండ్రు. ఇరవై రూపాయలు ఇస్తమన్నోళ్లను, లేచిపోతున్నట్టు చేసి ముప్పైకి తెచ్చిన. బాపు విద్య ఊకనే పోతదా. కానీ నా దగ్గర కొత్త ఐటం లేకపాయె. బాపునే చేసిన. ఆ వంచిన తల, ఆ మడతలు, ఆ పిలుపు. ఆఫీసర్లు, చెరకు రైతులు కడుపు చెక్కలయ్యేటట్టు నవ్విండ్రు. ముందు వరసల బాపు కూడ నవ్విండు. కొడుకు గొప్ప చూడాలని నేనే బస్సెక్కించి తీసుకపోయిన.

ఆ ఐటం నోటి నోటికి పాకింది. వారం తిరగకముందే గిరాకీలు మూడో మెట్టు మీద తమంతట తామే ఆగి, వెనక్కి తిరిగి చూసుడు మొదలైంది. "పిలువు సేటూ, నా బిడ్డ మొకం సూడవా?" అన్నది ఒకామె. బాపు పిలువబోయి ఆగి, చీర మడతపెట్టుకున్నడు. ఆమె నవ్వుకుంట ఎదురు దుకాణం ఎక్కింది. తర్వాత చానామంది ఎక్కిండ్రు.

ఒకనాడు పగటిపూట గిరాకీ లేక ఇద్దరం కూసున్నం.

"నన్ను ఎంతకమ్మినవ్ రా?" అన్నడు.

"ముప్పై, బాపు."

చేతిల చీర మడత సరిచేసిండు. "తక్కువకిచ్చినవ్."

అప్పుడన్న ఆ ఐటం మానేసి ఉంటే ఇది రాయడానికి నాకు మొకం ఉండేది. మానలేదు. రేటు పెంచిన. దుకాణం మూతబడ్డంక కూడ నవీపేట్‌ల, బోధన్‌ల అదే అడిగేవాళ్లు, అదే చేసేవాణ్ని.

ప్రోగ్రాముకు పోయినప్పుడల్లా పెట్టె పట్టుకొని అవే మెట్లు దిగేవాణ్ని. బాపు ఖాళీ దుకాణంల కూసోని ఉండేవాడు. మూడో మెట్టు మీద నేను కొంచెం ఆగేవాణ్ని.

ఆయన తల ఎత్తలేదు, ఒక్కసారి కూడ పిలువలేదు.