లెక్కల డబ్బా చెప్పిన వయసు

"దాని నోట ఆ మాట రాకపోతే మీ అమ్మకి ఈ మతిమరుపు వచ్చేదే కాదు." మా చెల్లెలి గురించి బంధువులు ఇప్పటికీ అనే మాట ఇది. చోడవరంలో ఏ ఇంట శుభకార్యానికి వెళ్లినా నా చెవిన పడుతుంది. కాదని చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

చెల్లెల్ని బుచ్చయ్యపేట ఇచ్చాం. తరచూ ఆటోలో వచ్చి అమ్మను చూసి వెళ్లేది. ఒకరోజు వంటింట్లోంచి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"అన్నయ్యా, మీ చెరుకు నరికేరా అని అమ్మ పొద్దుట్నుంచీ అదే అడుగుతంది. పాలు స్టవ్వు మీదెట్టి మర్సిపోయింది. ఓపాలి విశాఖపట్నం తీసుకెళ్లి సూపిద్దాం."

"వయసొచ్చింది. మర్చిపోదేటి?" అన్నాను.

అప్పటికే నాకు విసుగు. సెలవు అడగాలి, ఆసుపత్రిలో పడిగాపులు పడాలి. అంతకంటే సులువైన దారి వెతుక్కున్నాను. మా అబ్బాయి ఎప్పుడో ఆడి వదిలేసిన చేతి వీడియోగేమ్ బీరువాలో ఉంది. పుస్తకంలా తెరుచుకుంటుంది. కింది తెరమీద ప్లాస్టిక్ పుల్లతో రాయాలి. అందులో మెదడుకు పదునుపెట్టే ఆట ఒకటుంది. గబగబా కూడికలూ తీసివేతలూ చేయించి, చివర మీ మెదడు వయసు ఇంత అని చూపిస్తుంది. అమ్మకు ఇంగ్లీషు రాదు గానీ అంకెలు గుండ్రంగా రాస్తుంది. అది చాలనుకున్నాను.

మొదటిరోజు ఎనభై అని చూపించింది. నెల తిరిగేసరికి ముప్పై ఎనిమిది.

అదెలాగో నాకు తెలియదని అనలేను. సాయంత్రం ఇరుగూ పొరుగూ ఆకుకూరలు పట్టుకుని మా అరుగు మీద చేరేవారు. గదిలోకి వాళ్ల మాటలు వినబడేవి.

"పదమూడులోంచి ఆరు పోతే... ఏడమ్మా, ఏడు! రాసీ!"

"నువ్వూరుకోయే. పెద్దమ్మ సెప్తాది గదా!"

"పెద్దమ్మ సెప్పీలోపు ఆ లెక్కల డబ్బా ఊరుకుంటాదేటి?"

అమ్మ నవ్వుతూ ఏడు రాసేది. అది తప్పని నాకు తోచలేదు. మా వైపు ఒకరిని అడిగితే పదిమంది జవాబు చెబుతారు. ఎక్కడికమ్మా అని బస్సులో కండక్టరు అడిగితే వెనక సీటువాళ్లు ఊరి పేరు చెబుతారు. ఆ అలవాటుకి యంత్రం మార్కులు వేస్తుంటే నేను అవి అమ్మవనుకున్నాను. అనుకోవడం నాకు హాయిగా ఉంది.

ఆ ఏడాది ఒక పెళ్లిలో చెల్లెలు మళ్లీ డాక్టరు మాటెత్తింది. "అమ్మ బుర్రకి నీ వయసు కూడా లేదే!" అని అందరిముందూ నవ్వాను. పక్కనున్న పిన్ని దానిమీద లేచింది. "శుభమా అని పెళ్లికొస్తే నీ నోట ఆ మాటేటే? లేని రోగం పేరెత్తితే అలాగే తగులుకుంటాది." చెల్లెలు నావైపు చూసింది. నేను భోజనాల వైపు నడిచాను. ఆ తర్వాత అది ఆ మాట ఎత్తలేదు. గోవాడ చక్కెర మిల్లులో చెరుకు క్రషింగు మొదలై, ముగిసింది కూడా.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం చెల్లెలు వచ్చింది. పక్కిళ్లవాళ్లు ఏదో గృహప్రవేశానికి వెళ్లారు. "నీ కళ్లతోనే చూడు" అంటూ నేనే డబ్బా తెరిచి అమ్మ చేతికి పుల్ల ఇచ్చాను.

ఎనిమిదిలోంచి మూడు తీసివేయమంది తెర. అమ్మ గుమ్మంవైపు చూసింది.

"ఈళ్లేరీ? ఇంకా రాలేదేటి?"

"నువ్వే రాయమ్మా" అంది చెల్లెలు.

"ఆళ్లు సెప్తేనే గదే రాస్తాను."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఎనిమిదిలోంచి మూడమ్మా! మూడు!" అని అరిచాను. అమ్మ బెదిరిపోయి, చివర వినబడ్డది రాసింది. గుండ్రంగా, మూడు.

ఆ వారమే విశాఖపట్నం తీసుకెళ్లాం. ఇంకా ముందు తెచ్చి ఉండాల్సింది, మందులతో జబ్బు కొంత నెమ్మదించేది అన్నాడు డాక్టరు. చెల్లెలు మందుల చీటీ పట్టుకుని వరసలో నిలబడింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మొన్న ఒక సీమంతంలో పిన్ని మళ్లీ అదే పాట అందుకుంది. నేను ఉండబట్టలేక, "ముందు చెప్పింది అదే పిన్నీ. విననిది నేను. తప్పు నాది" అన్నాను.

"నువ్వు మంచోడివి బాబూ. సెల్లిని ఎనకేసుకొస్తన్నావు" అని నా భుజం తట్టింది. అమ్మవైపు తిరిగి నన్ను చూపించి, "అప్పా, ఈడెవరో సెప్పు సూద్దాం" అంది.

అమ్మ నా మొహంలోకి చూసింది. వెతుకుతోంది. ఇంతలో ఆ వరసలోని ఆడవాళ్లందరూ ఒక్కసారే అందుకున్నారు.

"నీ కొడుకే గదా!"

"నా కొడుకే" అంది అమ్మ.

"సూసేరా, ఎంత బాగా సెప్పిందో!" అంది పిన్ని. అందరూ నవ్వారు. వాళ్ల వెనక, అమ్మకు అన్నం కలుపుతూ, చెల్లెలు నావైపు చూసింది.