ముందు వైరు మల్లేశం కాకది

ఈ పోస్టు ఈరోజే రాయాలి. రేపటిదాకా ఆగితే నేను పడవ అమ్మేస్తాను.

మల్లేశం కాక నిన్న పొద్దున పోయాడు.

మా నాన్న తమ్ముడు. సనత్‌నగర్‌లో ఆటోలకు క్లచ్ వైర్లు, బ్రేక్ వైర్లు చేసే చిన్న షెడ్ ఆయనది.

ఆఫీసు బస్సు పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగి ఉంది. చిన్నమ్మ ఫోన్.

"మీ కాక లేస్తలేడు బిడ్డా."

"పండనియ్యి చిన్నమ్మా. నిన్న దినమంతా నా పనే చేసిండు గద" అన్నాను.

నవ్వుతూ అన్నాను ఆ మాట.

అప్పటి నుంచి ఒక చోట కూర్చోలేకపోతున్నాను. లీవ్ పెట్టాను, మళ్లీ లాగిన్ అయ్యాను, మళ్లీ బయటికొచ్చాను. యూసుఫ్‌గూడ రూమ్‌లో మంచం కోడుకు తాడు ముడి వేస్తున్నాను, విప్పుతున్నాను.

మీలో చాలామందికి ఈ పడవ సంగతి తెలియదు.

మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. కాలేజీలో ఎన్‌సీసీ నేవీ క్యాడెట్‌గా చేరి హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడిపాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం రాగానే వదిలేశాను. ఐదేళ్లు నీళ్ల వైపు పోలేదు.

ఈ ఏడాది సాగర్ ఒడ్డున గడ్డిలో పడి ఉన్న ఒక పాత బీచ్ కాటమరాన్ కొన్నాను. రెండు సన్నటి పడవలు, వాటి మధ్య బిగించి కట్టిన వల, దాని ముందు నిలబెట్టే మాస్ట్, అంటే తెరచాప ఎక్కించే స్తంభం. మాస్ట్‌ని మూడు వైర్లు పట్టుకుంటాయి. అటొకటి, ఇటొకటి, ముందొకటి. మూడూ తుప్పే.

వైర్లంటే నాకు తెలిసిన మనిషి ఒక్కడే.

కాక వచ్చి చూశాడు. "మాస్టు సుత షెడ్డుకు తేవాలె. కొలత దాని మీదనే తియ్యాలె" అన్నాడు. రెండు ఆటోల పొడవుంది అది. రెండు సైకిళ్ల మీద పెట్టి కట్టాడు. ముందు సైకిల్ కాక, వెనక సైకిల్ నేను, తోకకు ఎర్రగుడ్డ. ఆదివారం పొద్దున పంజాగుట్ట మీదుగా తోసుకుంటూ పోయాం.

అమీర్‌పేట మలుపులో తిరగలేదు. ముందు కొస టిఫిన్ బండి దగ్గరికి పోయింది, వెనక కొస బస్సుకు అడ్డం. హారన్లే హారన్లు.

కోచింగ్ సెంటర్ ఫైల్ పట్టుకున్న ఒకబ్బాయి ఆగి అడిగాడు. "ఏంటండీ ఇది, సెల్ టవరా?"

"ఔ సార్" అన్నాడు కాక. "మీ హాస్టల్ మీదనే ఏస్తున్నం. సిగ్నల్ మస్తు వస్తది. జర గా కొస పట్టుకోరాదు!"

ఆ అబ్బాయి నిజంగానే పట్టుకున్నాడు.

వైర్లు తయారయ్యాయి. ఒడ్డున నేను మాస్ట్ ఎత్తుతుంటే కాక ఎదురుగా నిలబడి ముందు వైరు లాగాడు. వైరు కొసను పడవకు బిగించే పిన్ను పట్టడం లేదు. పట్టకారుతో లాగి, పళ్లు బిగించి పెట్టాడు. వేలితో మీటితే ఖంగుమంది.

"గిట్లుండాలె. లూజుంటే ఆటోవాడు తిడతడు."

నేనూ ఔనన్నాను. క్యాడెట్ పడవలో వైర్లు అలాగే ఉండేవి మరి.

తెరచాప ఎక్కించి గాలికి తిప్పాను. గుడ్డ ఒకవైపు పోతుంది, మాస్ట్ ఇంకోవైపు చూస్తుంది. అంతా ముడతలు. తాళ్లు మార్చాను, ముళ్లు మార్చాను, ఏడుపొచ్చింది.

కాక మాత్రం మాస్ట్ దించి దాని అడుగు మీద బొటనవేలు రాస్తూ కూర్చున్నాడు.

"గీడ జూడు బిడ్డా. చంద్రవంక లెక్క అరిగి మెరుస్తుంది. ఇన్నేండ్లు గిది అటూ ఇటూ తిరిగింది. తిరిగేటందుకే చేసిండ్రు. మనం వైరు గుంజి కట్టి, మెడ పట్టి ఆపినం."

అమీర్‌పేట నెట్ సెంటర్లో నేనే ప్రింట్ తీయించిన మాన్యువల్ నా బ్యాగులోనే ఉంది. తీసి చూశాను. ఉంది ఆ మాట. తెలిసిందే కదా అని తిప్పేసిన పేజీలో.

"కాయిదం నీ దగ్గరనే ఉండె గద!" అని ఎంత నవ్వాడో. కాకకు సంతకం కూడా రాదు. అరిగిన లోహాన్ని చదివాడు.

మొన్న ఆదివారం షెడ్‌లో ముందు వైరు మళ్లీ చేశాడు, కాస్త వదులుగా. ఇప్పుడైనా నాతో పడవెక్కమని అడిగాను.

"నాకు ఈతొస్తదా?"

"జాకెట్ ఉంటది కాకా."

వైరు చుట్ట చుట్టి కొస బిగించాడు. "సరే తీ. వచ్చే ఐతారం ఎక్కుత. వైరు నాదే గద. నేనే నమ్మకపోతే ఎట్ల?"

సోమవారం లేవలేదు.

నిన్న సాయంత్రం, పోయిన నెల పడవ అడిగినాయనకు "తీసుకోండి" అని మెసేజ్ టైప్ చేశాను. ఒకసారి వదిలేసినదాన్ని. రెండోసారి ఇంకా సులువు.

పంపలేదు. ఈరోజు పొద్దున చిన్నమ్మ షెడ్ నుంచి ఆ వైరు చుట్ట తెప్పించి నా చేతిలో పెట్టింది.

"దినాలు కానియ్యి బిడ్డా. తర్వాత నిలబెట్టు. అది ఆగుతదో లేదో నాకు సుత చెప్పు."

ఆ వైరు ఇంకా ఒక్కసారీ బరువు మోయలేదు. ఆగుతుందని నా నమ్మకం. నమ్మకం చాలదు, చిన్నమ్మకు చూసి చెప్పాలి.

కాకా, వైరు పోగులు అరచేతుల్లో గుచ్చుకోని చోట చల్లగా పండుకో. ఇంక లాగింది చాలు.

పెద్ద దినం అయ్యాక వచ్చే ఆదివారం, పొద్దున ఏడింటికి, సాగర్ ఒడ్డున మాస్ట్ ఎత్తుతాను. ఎత్తడానికి నేనున్నాను. ఎదురుగా నిలబడి ముందు వైరు లాగి పిన్ను పెట్టడానికి ఒక మనిషి కావాలి. ఈత రాకపోయినా పర్వాలేదు, కాకకూ రాదు. పడవలు దింపే చోటికి వచ్చేవాళ్ల పేర్లు గేటు దగ్గర వారం ముందే ఇవ్వాలి.

మీలో ఎవరొస్తారో ఈ శనివారం సాయంత్రంలోగా చెప్పండి.