లీలావతి వదిలేసిన వాక్యం

ఢిల్లీ పక్కన వైశాలిలోని ఆ అపార్ట్‌మెంట్ సొసైటీలో తెలుగు ఉద్యోగుల కుటుంబాలే ఎక్కువ. కింది అంతస్తులో ఉన్న పిల్లల గదిని జిమ్‌గా మార్చాలన్న ప్రతిపాదన ఆ ఆదివారం సర్వసభ్య సమావేశం ముందుకు వచ్చింది. వెంటనే ముందు వరుసలో కూర్చున్న లీలావతి చేతిసంచిలోంచి ఒక పాత నోటుబుక్కు తీసింది. ఆమెకు డెబ్బై రెండేళ్ళు. ముప్పై నాలుగేళ్ళు కేంద్ర ప్రభుత్వంలో స్టెనోగ్రాఫరు. ఆ కాలంలో ఎందరో అధికారులు వచ్చారు, వెళ్ళారు. ఆమె పెన్సిలు మాత్రం ఎవరి మాటకూ వెనకబడలేదు.

"ఆ గది ఉద్యోగాలకు వెళ్ళే తల్లుల కోసమేనని తొంభై మూడులో తీర్మానించుకున్నాం," అంది.

అధ్యక్షుడు ఉమాశంకర్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మర్యాదస్తుడు. "మినిట్స్ పుస్తకం తిరగేశాను ఆంటీ. 'ఇతర విషయాలు చర్చించడమైనది' అని ఒక్క ముక్క ఉంది, అంతే."

"ఆ పుస్తకం రాసింది మగవాళ్ళు. మేం లేచి మాట్లాడేసరికి వాళ్ళకు టీ గుర్తొచ్చింది. నేను కూర్చుని రాసుకున్నాను."

హాలంతా నవ్వింది. లీలావతి నవ్వలేదు. షార్ట్‌హ్యాండ్‌ శబ్దాన్ని పట్టుకునే లిపి. అప్పటికింకా ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్లలోనే ఉంటూ ఆనాటి సమావేశానికి వచ్చిన ఆడవాళ్ళ తెలుగు మాటలు ఆ గీతల్లో అలాగే నిలిచి ఉన్నాయి. అరుంధతి అనే సభ్యురాలు ప్రతిపాదించడం, అందరూ వాదించుకోవడం, చివరికి పదహారు చేతులు లేవడం, అన్నీ వరసగా చదివింది.

వెనక వరుసలోంచి సదాశివరావు గొంతు లేచింది. "అచ్ఛా! ఆ వంకర గీతల్లో ఏముందో మాకేం తెలుసండీ? ఆవిడ ఏది చదివితే అదే చట్టమా?"

"ఆగండి అంకుల్," అన్నాడు ఉమాశంకర్. "మా ఆవిడ పిన్నిగారు అన్నపూర్ణేశ్వరి గారు జనక్‌పురిలో ఉంటారు. రిటైర్డ్ స్టెనో. పేజీ ఫోటో తీసి పంపిస్తాను. ఆవిడ చదివితే ఒప్పుకుంటారా?"

ఒకరి షార్ట్‌హ్యాండ్ మరొకరికి అంత సులభంగా కొరుకుడు పడదు. లీలావతి కంగారుపడింది మాత్రం అందుకు కాదు. చదివేటప్పుడు ఆమె ఒకరి మాటను కావాలనే వదిలేసింది.

పది నిమిషాల్లో ఫోన్ మోగింది. ఉమాశంకర్ స్పీకర్ పెట్టాడు.

"ఎవరి చెయ్యోగాని ముత్యాలే అబ్బాయ్! ఒకటి రెండు చోట్ల తడుముకున్నాను, అంతే. విను." అరుంధతి ప్రతిపాదన, వాదనలు పొల్లుపోకుండా వచ్చాయి. ఆ తర్వాత ఇలా వినిపించింది: "మాణిక్యాంబ: 'మావాడికి రెండేళ్ళు. పాత చీరతో మంచం కోడుకు కట్టి, తలుపుకు గొళ్ళెం పెట్టి ఆఫీసుకు పోతున్నాను. లంచ్‌లో పరిగెత్తుకొచ్చి చూసుకుంటున్నాను. నా బిడ్డకు గది కావాలి. ఎవరినీ అడుక్కోవడం లేదు, అడుగుతున్నాను.' తర్వాత చేతులెత్తారు, పదహారు. అబ్బాయ్, వినపడుతోందా?"

మాణిక్యాంబ ఉమాశంకర్ తల్లి. పోయి నాలుగేళ్ళయింది. హాల్లో అందరికీ ఆ సంగతి తెలుసు. ఫోన్లో ఉన్నావిడకు మాత్రం ఆ పేరు ఎవరిదో స్ఫురించలేదు.

లీలావతి లేచి నిలబడింది. "తప్పు నాది బాబూ. యాభై మందిలో నిన్ను చిన్నబుచ్చడమెందుకని దాటేశాను. స్టెనో మాట మింగకూడదు. నేను మింగాను."

"అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు ఆంటీ."

"చెప్పాల్సిన చోట చెప్పింది."

ఉమాశంకర్ పిన్నిగారికి థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాడు. తర్వాత ప్రతిపాదనను ఓటుకు పెట్టి, పిల్లల గది పిల్లల గదిగానే ఉండాలంటూ అందరికన్నా ముందు తానే చెయ్యెత్తాడు. నలభై ఒకటికి ఏడు. సదాశివరావు ఆ ఏడుగురిలోనే మిగిలాడు. పైగా మోకాళ్ళకు జిమ్ మంచిదని గొణిగాడు.

కార్యదర్శి ప్రీతి ల్యాప్‌టాప్‌లో మినిట్స్ కొడుతోంది. ఆమె మూడేళ్ళ పాప రోజంతా గడిపేది ఆ గదిలోనే. "ఆంటీ, తీర్మానం ఒక్కటి రాస్తే సరిపోతుంది కదా?"

"సరిపోదు. మాణిక్యాంబ మాట మొత్తం ఆమె పేరుతో రాయి. నేను చదవకుండా వదిలేశానని కూడా రాయి."

"అదెందుకు ఆంటీ? మీకే బాగోదు."

"జరిగింది కదా, రాయమ్మా," అంది లీలావతి, ప్రీతి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "తొందరేం లేదు. నేను మెల్లగా చెబుతాను."