మెకానిక్ బాబాయి మెడ మీది గడ్డ

మొన్న మంగళవారం పొద్దున మా పక్కింటి మెకానిక్ బాబాయి పోయాడు. నేను పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతుంటే పిన్ని గోడ దగ్గరికి వచ్చి, "అయిపోయిందమ్మా" అంది. ఏడవలేదు. ఏడాదిగా ఏడుస్తూనే ఉంది మరి.

వాళ్లు ముస్లిములు. మాకు మాత్రం ఊహ తెలిసినప్పటి నుంచీ బాబాయి, పిన్నే. నరసరావుపేటలో వినుకొండ రోడ్డు పక్కన ఆయన లారీ షెడ్డు. స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. తొందరపెట్టే డ్రైవర్లతో, "నువ్వు అరుస్తుంటే దాని మాట నాకెట్టా వినపడుద్దిరా" అనేవాడు. నన్ను టీచర్ ట్రైనింగ్‌కి పంపనని మా నాన్న భీష్మించుకుంటే, నాన్న ఒప్పుకునేదాకా బాబాయి మా అరుగు మీంచి లేవలేదు.

పోయినేడు మెడ పక్కన గడ్డ లేచింది. గుంటూరులో క్షయ అనుకుని మందులిచ్చారు. ఆర్నెల్లు మింగాడు. గడ్డ పెరిగింది, మనిషి తరిగాడు. చివరికి మద్రాసు వెళ్లాల్సి వస్తే, ఇంగ్లీషు వచ్చని నన్ను కూడా రమ్మన్నారు.

ఆస్పత్రిలో పిన్ని బయట సంచితో కూర్చుంది. లోపల డాక్టరు రెండు కాగితాలిచ్చాడు. గడ్డ ముక్క తీసి చేసిన పరీక్షలో క్యాన్సర్. రక్తపరీక్షలో ఎయిడ్స్. ఈ మధ్యే మన దేశంలో బయటపడ్డ జబ్బు; ఆ పేరు పేపర్లో ఒకటి రెండుసార్లు చదివాను, అంతే. ఆ జబ్బు రోగాన్ని ఎదిరించే శక్తిని తినేస్తుందట. ఆ శక్తి పోయినవాళ్లకి ఇలాంటి క్యాన్సర్లు తొందరగా వస్తాయట. క్యాన్సర్‌కి మందెక్కిస్తే మిగిలిన కాస్త శక్తీ పోతుంది, ఎక్కించకపోతే గడ్డ ఆగదు. మరేం చెయ్యాలని అడిగాను. డాక్టరు నొప్పికి మాత్రలు రాసిచ్చాడు.

ఎట్లా వచ్చి ఉంటుందని డాక్టరు అడిగితే బాబాయి ఏదీ దాచలేదు. షెడ్డు నడవని రోజుల్లో లారీ తోలుతూ బొంబాయి దాకా తిరిగాడు. తర్వాత జాకీ జారి తొడ నలిగితే రెండు సీసాల రక్తం ఎక్కించారు. రెంటిలో ఏదో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

తిరుగు రైల్లో పిన్ని కునుకు తీస్తుంటే మెల్లగా అడిగాడు, "దానికీ అంటి ఉంటదా?"

పరీక్ష చేస్తేగాని తెలియదన్నాను.

"ఉందని తేలితే మందుందా?"

"లేదు బాబాయ్."

"అయినా చెప్పాల. నా నోటితో నేనే చెబుతా."

ఇంటికెళ్లిన రోజే చెప్పాడు. పిన్ని అంతా విని, ముందు అన్నం తినమందట.

ఎట్లా పాకిందో, ఊరంతా పాకింది. లారీలు రావడం మానేశాయి. టీ కొట్టువాడు గ్లాసు వేరు పెట్టాడు. వాడినెందుకు అనాలి? గ్లాసుతో అంటదని డాక్టరు నాకే చెప్పాడు. అయినా పిన్ని ఇచ్చిన మంచినీళ్లు ఒకసారి తాగకుండా పక్కన పెట్టాను. బాబాయి చూశాడు. ఇప్పుడు క్షమించమని అడగడానికి కూడా మనిషి లేడు.

చివరి స్నానం చేయించడానికి పిన్ని తమ్ముడు, మసీదు నుంచి ఒక ముసలాయన, ఇద్దరే వచ్చారు. మిగతావాళ్లు రోడ్డుకి అవతల నిలబడ్డారు.

నిన్న సాయంత్రం చూసొద్దామని వెళ్లాను. తలుపు తీసే ఉంది. పిన్ని కిటికీ దగ్గర ఒక్కతే కూర్చుని, తల కాస్త పక్కకి వంచి, రెండు వేళ్లతో తన మెడ నొక్కి చూసుకుంటోంది. ఒకవైపు, తర్వాత రెండోవైపు.