ఎడమచేతి మడతలు

వంతెన మీదుగా వద్దన్నది నేనే. ఆ మాట ముందే రాస్తున్నాను, తప్పు మా పెద్దాడి మీదకు పోకుండా. ట్రాక్టరు తోలింది వాడు, దారి చెప్పింది నేను.

నా కూతురు కృష్ణానది అవతల ఊరికి కాపురానికి పోయింది. పోయిననాటికి అది ఒట్టి ఏరు. ఆ తరవాత రాష్ట్రం రెండయింది, ఏరు సరిహద్దయింది. ఎనిమిదేళ్లు కాపురం చేసింది. పిల్లలు లేరు. కడుపులో గడ్డ అన్నారు, ఆసుపత్రికి పోయింది, తిరిగి రాలేదు. సమాధి దగ్గర మా పాస్టరు గారు, "అమ్మాయి చనిపోలేదమ్మా, మనకంటే ముందెళ్లింది" అన్నారు. ఆయన మీద నాకు ఒళ్లు మండింది. ముందు పోవలసింది నేను. పెద్దలను దాటి ముందు పోవడం నేను నేర్పలేదు.

ఏడాది జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక అయిన రెండు నెలలకు అల్లుడు ఫోను చేశాడు. మంచివాడు. ఏ నాడూ నన్ను "అత్తయ్యా" అనకుండా మాట మొదలుపెట్టలేదు.

"అత్తయ్యా, మావాళ్లు సంబంధం చూశారు. నేను వద్దంటూనే ఉన్నాను."

"ఎందుకు వద్దంటావు? చేసుకో నాయనా. వయసున్నవాడివి."

అల్లుడు, "తన సామాను మీరు తీసుకెళ్తే బాగుంటదేమో. వచ్చే అమ్మాయి చూసి బాధపడుద్ది" అన్నాడు.

నేను ఒకటే అడిగాను. "బీరువా తెరిచావా?"

"లేదత్తయ్యా. తను సర్దినట్టే ఉంది. ఆసుపత్రికి పోయే ముందు రోజు అన్నీ కింద పోసుకుని కూర్చుంది. నడుం నొప్పిగా ఉంది కదా లెమ్మన్నా లేవలేదు. మడిచి మడిచి పెట్టింది."

ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు మంచం, కుట్టు మిషను, గిన్నెలు వీటి మీద ధ్యాస లేదు. ఆ బీరువా సర్దినది సర్దినట్టుగా మా ఇంటికి రావాలి. అంతే.

ఎందుకో చెప్పాలి. నా కూతురిది ఎడమచెయ్యి వాటం. చిన్నప్పుడు ఎడమ చేత్తో ముద్ద ఎత్తితే కొట్టాను. ఆ చేతికి గుడ్డ కట్టాను. అన్నం కుడి చేత్తో తినడం నేర్చుకుంది గాని, తక్కినవన్నీ ఎడమ చేతివే. పత్తి తీయడం కూడా. సాలులో పక్కన నడిచేవాళ్లకు దాని మోచెయ్యి తగిలేది, వాళ్లు తిట్టేవాళ్లు, అది నవ్వేది. చీర మడిచినా అంతే. అందరి మడతలో కొంగు కుడివైపుకు వస్తుంది, దానిది ఎడమవైపుకు పోతుంది. పెళ్లయి పుట్టింటికి వచ్చినా, అది మడిచిన చీరను నేను విప్పి మళ్లీ మడిచేదాన్ని. ఎన్నిసార్లని! "తిరగేసి మడుస్తావేమే, ఎవరన్నా చూస్తే తల్లి నేర్పలేదంటారు" అని. అది గడప మీద కూర్చుని, "చీరకేం తెలుసమ్మా కుడీ ఎడమా" అనేది.

అందుకే ఆ మడతలు కావాలి. దాని చెయ్యి చివరిగా చేసిన పని అదే.

మా మిరపకాయలు మార్కెట్ యార్డుకు తోలేశాం, ట్రాక్టరు వెనక తగిలించే ట్రక్కు ఖాళీగా ఉంది. పెద్దాడు, "అమ్మా, ట్రక్కు నిండా మిరప దుమ్ము. మూసిన వ్యాను మాట్లాడతాను" అన్నాడు. ఇంట్లో బండి పెట్టుకుని కిరాయి బండి ఏంటన్నాను. "పోనీ కొత్త తాడన్నా కొననియ్యి" అన్నాడు. పశువుల కొట్టంలో పాత మోకు ఉంది, పదేళ్ల నుంచి ఉంది, దానికేమైంది అన్నాను. నేను మూడో తరగతి వరకే చదివాను. లెక్కల్లో నాకు ఒక్కటే వచ్చు, ఉన్నది పారేయకూడదు అని. ఆ లెక్కతోనే ఇంతకాలం ఇల్లు నడిపాను.

అల్లుడి ఇంట్లో అందరూ సామాను మోస్తుంటే నేను గదిలోకి పోయి బీరువా తలుపు లాగాను. దాని తాళం చెడిపోయి చాలా కాలమైంది. నా కూతురు అట్టముక్క మడిచి సందులో దోపి మూసేది. బాగు చేయించుకుంటానంటే, అట్టతో పని జరుగుతుంది కదా అన్నది కూడా నేనే.

నాలుగు అరలు. అన్ని చీరలూ ఎడమకు తిరిగి ఉన్నాయి. ఒక్కటి కూడా సరిగా లేదు. మధ్యమధ్యలో ఎండిన వేపాకు. నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది, పైన ఉన్న దాన్ని సరిచేద్దామని. వెనక్కి లాక్కున్నాను. అట్టముక్క మళ్లీ దోపి మూసేశాను. మూట కడదామా అంటే మూటలో మడతలు నలుగుతాయి. బీరువా నిలబెట్టే, తలుపుల చుట్టూ మోకు రెండు వరసలు బిగించి కట్టించాను.

పరుపు దగ్గర మాత్రం ఆగిపోయాను. పెళ్లిలో ఇచ్చేటప్పుడు, ప్లాస్టిక్ కవరు తీయకే, మాసిపోతుంది అన్నాను. కవరు అట్టాగే ఉంది. ఎనిమిదేళ్లూ నా బిడ్డ ఆ కరకర చప్పుడు మీద పడుకుంది.

ఊరు దాటి రోడ్డు చీలే చోట టీ బంకు ఉంది. ఎడమకు పోతే వంతెన, కుడికి పోతే పొలాల్లోంచి ఏటి రేవు. అక్కడ ఆపితే టీ పోసే ఆయన మా ట్రక్కు వంక చూసి, "ఆంధ్రాకా? వంతెన కాడ గట్టిగా చూస్తన్నారు. ఇటు మందు చవక కదా, సీసాలు దాటిస్తన్నారని. మొన్న ఎవరిదో ఇంటి సామాను మొత్తం దింపించి, బియ్యం మూట కూడా విప్పి చూశారంట" అన్నాడు.

పెద్దాడు, "మన దగ్గరేముందమ్మా? చూస్తారు, పొమ్మంటారు" అన్నాడు.

"చూడటమే వద్దంటున్నానురా."

"రేవుకు పోయి బల్లకట్టు ఎక్కడమంటే చుట్టు దారి. కిరాయి కూడా మన మీదే. రేవు దిగుడు, ఇసక, ట్రక్కు బరువు..."

"పద."

"నువ్వేనా మాట్లాడేది! రూపాయి దండగంటే పక్కింటోళ్ల మీద కూడా అరుస్తావు గదే అమ్మా!"

"ఎవడో మగాడు దాని చీరల్లోకి చెయ్యి పెడతాడురా" అన్నాను. వాడు స్టీరింగు కుడికి తిప్పాడు.

బల్లకట్టు అంటే రెండు పడవల మీద బల్లలు పరిచి మోటారు బిగించినది. ట్రాక్టర్లు, బళ్లు, మనుషులు అంతా దాని మీదే దాటతారు. పోలీసుగానీ గేటుగానీ లేదు. మేం పోయేసరికి పొద్దు వాలుతోంది. అవతల ఊళ్లలో మిరప కోతకు పోయి మా వైపు తిరిగి వస్తున్న కూలీ ఆడవాళ్లు ఏడెనిమిది మంది అన్నం క్యారేజీలు పెట్టుకుని కూర్చున్నారు. బల్లకట్టు నడిపే ఆయన మా ట్రక్కులో అద్దం బీరువా, కవరున్న పరుపు చూశాడు.

"జరగండి జరగండి, పెళ్లి సామాను! సారె బండిని ముందు ఎక్కనియ్యండి!"

నేను నోరు తెరిచేలోపు ట్రాక్టరు బల్లల మీదకు ఎక్కింది. ఆడవాళ్లు ట్రక్కు చుట్టూ చేరారు. వాళ్లలో ఒకామె, నలభై ఐదు ఏళ్లు ఉంటాయి, బొద్దుగా, గొంతు పెద్దది. కొంగు తలకు చుట్టుకుని ఉంది.

"ఏం పెద్దమ్మా, మనవరాలికా?"

"కూతురికి."

"కూతురికా! ఆఖరిదా? పరుపు కవరు కూడా తీయలేదు చూడండే. మా పెళ్లికి చాప ఇచ్చారు, అది కూడా మా అత్త ఎత్తుకుపోయింది."

అందరూ నవ్వారు. ఇంకొకామె, "అమ్మాయేది పెద్దమ్మా? ట్రాక్టర్లో లేదే?" అంది.

నేను అబద్ధం ఆడను. ఆడినవాళ్లను ఊరుకోను. మా వీధిలో అందరికీ తెలుసు. చచ్చిపోయిందమ్మా అనడానికే నోరు తెరిచాను. ఆ నవ్వుతున్న మొహాలు చూస్తూ నేనన్నది వేరు.

"ముందెళ్లింది."

"సామాను రాకముందే పిల్ల పోయిందా! అబ్బో, ఆగలేకపోయింది!" అని పెద్ద గొంతు ఆమె చేతులు చరిచింది. "అల్లుడు అంత బాగుంటాడా పెద్దమ్మా?"

"బాగుంటాడు" అన్నాను.

పెద్దాడు మొహం నీళ్ల వైపు తిప్పుకున్నాడు. వాడి భుజాలు నాకు కనబడుతున్నాయి. నేను ఆడవాళ్ల వైపు తిరిగాను.

ఏరు దాటినంతసేపూ అడిగారు. ఏం చదివింది? పని చేసుద్దా? నేను చెప్పాను. పది చదివింది. పత్తి తీస్తే దాని ముందు ఎవరూ ఆగరు. మాట పడదు, నవ్వేస్తుంది. ఏడాదిగా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ దాని జబ్బు గురించే అడిగారు. ఏ ఆసుపత్రి, ఎంతకాలం మంచాన పడింది, ఆఖరున ఏమన్నది అని. అది ఎట్టాంటిదో ఒక్కరూ అడగలేదు. ఈ ఆడవాళ్లు అడిగారు.

ఇవతలి రేవులో ఒడ్డు ఎత్తు. పెద్దాడు గేరు వేసి ఎక్కించాడు. ట్రక్కు ముందుకు ఊగి, ఆగి, ఒక్క కుదుపు కుదిపింది. మోకు తెగిన చప్పుడు నేను ముందు విన్నాను. బీరువా పక్కకు ఒరిగి మంచానికి ఆనుకుంది. అట్టముక్క ఎగిరిపోయి తలుపు తెరుచుకుంది. పై రెండు అరల చీరలు జారి కొన్ని ట్రక్కులో మిరప దుమ్ములో, కొన్ని కింద తడి ఇసకలో పడ్డాయి.

"అయ్యయ్యో, పెళ్లి చీరలు!" అని ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు.

పెద్దాడు దిగి బీరువాను నిలబెట్టాడు. పెద్ద గొంతు ఆమె అప్పటికే ట్రక్కు ఎక్కేసింది. చీర దులిపి, తుమ్మి, ఇంకొకామెకు ఒక అంచు అందించింది. ఇద్దరూ దాన్ని చాచారు. మడత పూర్తిగా విడిపోయింది. వేపాకు రాలింది.

"దిష్టి పోయిందిలే పెద్దమ్మా, ఏం అనుకోబాకు" అంది. మడుస్తూ మడుస్తూ అరలోకి చూసి ఆగింది. "ఎవరు సర్దారే ఇవి? అన్నీ తిరగేసి మడిచారు!"

"అమ్మాయే సర్దింది" అన్నాను.

"ఎడమచెయ్యా?"

"ఊఁ."

"మా చెల్లెలూ అంతే. దానికి అత్తారింట్లో పడ్డ మాటలు నాకు తెలుసు. ఆగు పెద్దమ్మా, మీ అమ్మాయికి ఆ మాట రాకుండా చేస్తాను. రండే, తలా ఒకటి పట్టుకోండి!"

కింద పడని చీరలు కూడా తీశారు. నాలుగు అరలూ. కోతకు పోయి వచ్చిన చేతులు, గోళ్ల సందుల్లో ఎరుపు. ఆ చేతులను క్యాను నీళ్లతో కడుక్కుని, కొంగులకు తుడుచుకుని మరీ మడిచారు. ఎవరి పెళ్లి చీర ఏ రంగో చెప్పుకున్నారు. ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు. ఎంత ముచ్చటగా మడిచారని! అంచు అంచుకు చేర్చి, కొంగు కుడివైపుకు.

ఆపమని ఒక్క మాట అంటే ఆపేవాళ్లు. నా నోటికి ఊరంతా భయపడుతుంది. ఆ మాట అంటే ఎందుకో చెప్పాలి. చెబితే ఆ చేతులు చీరల మీద నుంచి టక్కున లేచిపోతాయి. మొహాలు మారిపోతాయి, అయ్యో పెద్దమ్మా అంటారు, ఎంతకాలం పడింది అంటారు. నా బిడ్డ మళ్లీ చచ్చిపోతుంది, ఆ రేవులో, వాళ్ల ముందు. ఆ పావుగంట అది పెళ్లికూతురు. నేను నిలబడి చూశాను. ఒక్కొక్క చీరా కుడికి తిరిగింది. ఆఖరిది అయ్యేదాకా నేను ఏమీ అనలేదు.

పోతూ పోతూ పెద్ద గొంతు ఆమె నా గడ్డం పట్టుకుని, "అమ్మాయికి మేం అడిగామని చెప్పు" అంది.

"చెబుతాను" అన్నాను.

సత్తెనపల్లి దాటాక పెద్దాడు, "నువ్వు చెప్పాల్సింది అమ్మా" అన్నాడు. నేను మోకు తెగిన ముక్క ఒళ్లో పెట్టుకుని ఉన్నాను. పారేయలేదు. నాలుగు రోజుల తరవాత వాడే ఎక్కడో విని వచ్చాడు, ఆ రోజు వంతెన మీద తనిఖీ లేదని, బళ్లన్నీ ఆగకుండా పోయాయని. చెప్పి, చెప్పినందుకు బాధపడ్డాడు. చెప్పడమే మంచిది. వంతెన వద్దన్నది నేను, వ్యాను వద్దన్నది నేను, తాడు వద్దన్నది నేను.

బీరువా ఇప్పుడు నా గదిలో ఉంది. తెరిస్తే చీరలన్నీ వరసగా, నేను దాన్ని కొట్టి తిట్టి చెప్పినట్టే ఉన్నాయి. ఒక్క మడత కూడా తప్పు లేదు. రాలిన వేపాకు కొంత ఏరుకొచ్చాను, అది పై అరలో కాగితంలో ఉంది.

నా చీర నేను ఎడమ చేత్తో మడవడం మొదలుపెట్టాను. ఈ వయసులో చెయ్యి మాట వినదు. వంకర వస్తుంది, ఉండ చుట్టుకుంటుంది, అయినా దాని మడతలా రాదు. మొన్న మధ్యాహ్నం ఒకటి కాస్త దగ్గరగా వచ్చింది. మంచం మీద పెట్టి చూసుకుంటున్నాను. మా కోడలు లోపలికి వచ్చి, "ఇదేంటత్తయ్యా, తిరగేసి మడిచారు" అంటూ సరిచేయబోయింది. చెయ్యి మీద ఒక్కటి వేశాను.

ఆ పిల్ల బిత్తరపోయి నా వంక చూసింది. "ఉండనీ" అన్నాను. "చీరకేం తెలుసు?"