గొంగడిలో దాచిన కార్డు

కోస్గిలో ఐలేశం ప్రెస్సుల పెండ్లి కార్డులు కూర్చే గుర్వయ్య గొర్లకాపరి కొడుకు. ఆయన నాయిన ఎండకాలం మందను తోలుకొని కృష్ణ ఒడ్డు దాకా పోయేవాడు. రాత్రికి ఏదో రైతు చెల్కల మంద పెట్టుడు, తెల్లారితే లేపుడు. వెనక మిగిలేది ఎరువే. రాజులు ఏ ఊర్ల ఎన్నాళ్లు విడిది చేసిండ్రో శాసనాలు చెప్తయి గాని, ఈ విడుదులను చెక్కిన రాయి మాత్రం ఎక్కడా కనబడదు. సరే, ఆ ముచ్చట ఇప్పుడెందుకు.

గుర్వయ్యకు మాత్రం ఒకటే కుర్చీ, ఒకటే కంప్యూటర్, దాంట్ల ఒకటే పాత కంపోజింగ్ ప్రోగ్రాం. ఏ అక్షరం ఏ మీట కింద ఉన్నదో ఆయన వేళ్లకు తెలుసు. మొన్నటి వానకాలం ఆ కంప్యూటర్ కాలిపోయింది. కొత్త దాంట్లకు ఆ ప్రోగ్రాం ఎక్కలేదు. కొత్త ప్రోగ్రాం ఆయన వేళ్లకెక్కలేదు.

"నువ్వూ నీ డబ్బా మంచి జోడు గుర్వన్నా. అది పోయింది, నువ్వు గూడ ఇంటికాడ జర కాళ్లు సాపుకో," అన్నడు ఐలేశం నవ్వుకుంట. గుర్వయ్య కూడ నవ్విండు. ఆ పూట బువ్వ ముట్టలేదు.

బిడ్డ స్వర్ణ షాద్‌నగర్‌ల చేసే పని ఇదే. పాతబడ్డ ప్రోగ్రాంలను దూరాన ఉన్న పెద్ద మిషన్‌ల బతికిచ్చి, ఎవరి తెర మీద వాళ్లకు తెరిచి ఇస్తది. వచ్చి, బాపుకు ఒకసారి గట్ల తెరిచి ఇచ్చి చూద్దామని ఐలేశంను ఒప్పించింది.

"మా మేనకోడలు మల్లిక పెండ్లి కార్డు శుక్రవారం అచ్చుకు దిగాలె. దిగితే ఆ మిషన్ కిరాయి నేనే కడ్త, మీ బాపు ఈడనే ఉంటడు. లేకుంటే లేదు బిడ్డా," అన్నడు ఐలేశం.

కొత్త తెర మీద పాత ప్రోగ్రాం తెరుచుకుంటే, తప్పిపోయిన గొర్రె దొడ్డికొచ్చినట్టనిపిచ్చింది గుర్వయ్యకు. బుధవారమంత కూసొని కార్డు కూర్చిండు, తెర మీదనే ఓ మూలకు పెట్టి మూసిండు. గురువారం పొద్దుగాల తెరిస్తే ప్రోగ్రాం ఉన్నది, కార్డు లేదు.

"నా చెయ్యే ఏదో తప్పొత్తింది బిడ్డా," అన్నడు ఫోన్ల.

స్వర్ణ తన కాడ తెరిచి చూసింది. "నీ చెయ్యి కాదు బాపూ, తప్పు నాది. గా తెర మూస్తే తుడుచుకపోతది, తెల్లారి మళ్ల కొత్తది వస్తది. చెప్పుడు మర్చిన."

"మంద లేపినట్టా?"

"గట్లనే."

"మరి దారిల పుట్టిన గొర్రెపిల్ల సంగతేంది? నాయిన దాన్ని గొంగట్ల మూటగట్టి వీపున ఏసుకునేటోడు. తల్లి అరుసుకుంట ఎనకనే నడిచేది."

స్వర్ణ గొంతు మెత్తబడ్డది. "గసొంటి జాగా ఒకటుంది బాపూ. తెర పోయినా అది పోదు. చూపిస్త, పేరు నువ్వే పెట్టు."

గుర్వయ్య 'గొంగడి' అని కొట్టిండు. పొద్దంత మళ్ల మొదటి నుంచి కూర్చి కార్డును దాంట్ల పెట్టిండు.

శుక్రవారం తెర నున్నగ, ఖాళీగ వచ్చింది. గొంగడి విప్పితే కార్డు లోపలే ఉన్నది. ఐలేశం కళ్లద్దాలు పెట్టుకొని పైనుంచి కిందికి చదివిండు.

"మా అక్క పేరు జర పెద్దగ పెట్టే. లేకుంటే పెండ్లిల నన్ను కూసోనియ్యది."

"పెడ్త తీయి," అని గుర్వయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నడు.

ఆ సాయంత్రం తెర మూసేటప్పుడు, కార్డు పోతదేమోనని ఆయన చెయ్యి ఆగలేదు.